ఆ మార్కుల వెనక ఓ సైనికుడు

పేలుడు జరిగింది. ఒంటి మీద గాయం లేదు. స్కానింగులో తేడా లేదు. కానీ చెప్పిన మాట గుర్తుండదు, తలనొప్పి తగ్గదు, నిద్ర పట్టదు. మెదడుకు దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి వైద్యుల చేతిలో ఉన్నది ఓ చిన్న పరీక్ష. అందులో వచ్చిన మార్కును ఎలా అర్థం చేసుకోవాలన్నదే అసలు పరీక్ష!

ముందుగా ఓ ఐదు మాటలు...

మామిడి, గొడుగు, నిచ్చెన, ఉప్పు, రైలు.

ఒకసారి పైకి చదివి గుర్తుపెట్టుకోండి. మళ్లీ వెనక్కి చూడకూడదు. కాసేపయ్యాక అడుగుతాం. ఈలోగా డిసెంబరు నుంచి జనవరి దాకా నెలల పేర్లు వెనక నుంచి చెప్పండి. తర్వాత 7, 1, 8, 4... ఈ అంకెల్ని తిరగేసి చెప్పండి.

ఆదివారం పూట ఇంట్లో కూర్చుని, చేతిలో కాఫీ కప్పుతో అయితే ఇదో సరదా ఆట. అదే, మందుపాతర పేలి ఎగిరిపడిన వాహనంలోంచి అప్పుడే బయటపడిన కుర్రాణ్ని, చెవుల్లో హోరు తగ్గకముందే ఇవే ప్రశ్నలు అడిగితే? ఆ జవాబుల్ని బట్టే అతను మళ్లీ తుపాకీ పట్టుకుని గస్తీకి వెళ్లాలా, విశ్రాంతి తీసుకోవాలా అన్నది తేలుతుందంటే?

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలకు వెళ్లిన ఎందరో అమెరికా సైనికులకు ఇది ఊహ కాదు, అనుభవం. అక్కడి సైన్యం, వైద్యులు, పరిశోధకులు పాతికేళ్లుగా ఒక ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. తలకు స్వల్పంగా దెబ్బ తగిలిన సైనికుడు పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకుంటే దానర్థం ఏమిటి? మంచి మార్కులు తెచ్చుకుంటే ఏమిటి? వాళ్లు నేర్చుకున్న పాఠం సైనికులకే కాదు, స్కూటరు మీంచి పడ్డ మనింటి అబ్బాయికీ పనికొస్తుంది.

కనిపించని దెబ్బ

బాంబు పేలినప్పుడు ముక్కలు ఎగిరొచ్చి తగలడం ఒక్కటే ప్రమాదం కాదు. పేలుడు ధాటికి గాలి పీడనం ఒక్కసారిగా పెరిగి అలలా దూసుకొస్తుంది. మనిషిని విసిరేస్తుంది. తల వాహనం గోడకో, నేలకో కొట్టుకుంటుంది. పుర్రె పగలకపోయినా లోపల మెదడు కుదుపుకి గురవుతుంది. ఒక నరకణాన్ని మరో దానితో కలిపే సన్నటి తీగల్లాంటి పోగులు సాగి దెబ్బతినొచ్చు.

ఇలాంటి గాయాన్ని ‘స్వల్ప’ గాయం అనడానికి వైద్యులు కొన్ని హద్దులు పెట్టుకున్నారు. స్పృహ తప్పితే అరగంటలోపే తిరిగి రావాలి. అయోమయం 24 గంటలు దాటకూడదు. జరిగింది గుర్తుకు రాకపోవడం ఒక రోజుకు మించకూడదు. మామూలు స్కానింగులో తేడా కనిపించకూడదు. అసలు స్పృహే తప్పకుండా, కొద్ది నిమిషాలు కళ్లు బైర్లు కమ్మి దిక్కుతోచకపోయినా అది ఈ లెక్కలోకే వస్తుంది.

ఇక్కడో సంగతి గమనించాలి. ‘స్వల్ప’ అన్న మాట దెబ్బ తగిలిన ఆ కాసేపటి గురించి మాత్రమే. తర్వాత పడే ఇబ్బంది కూడా స్వల్పమేనని దానర్థం కాదు.

2000 సంవత్సరం నుంచి ఇప్పటిదాకా 5 లక్షల మందికి పైగా అమెరికా సైనికులకు మెదడు గాయం అయినట్టు అక్కడి రక్షణ శాఖ లెక్కలు చెబుతున్నాయి. యుద్ధంలో తగిలినవే కాదు, శిక్షణలో, రోడ్డు ప్రమాదాల్లో, ఆటల్లో తగిలినవీ అందులో ఉన్నాయి. వీటిలో 80 శాతానికి పైగా స్వల్ప గాయాలే. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ వైమానిక స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు అమెరికా తమవాళ్లకేమీ కాలేదని మొదట ప్రకటించింది. తీరా చూస్తే వంద మందికి పైగా సైనికులకు మెదడు గాయాలు అయినట్టు తర్వాత తేలింది. ఈ దెబ్బ ఎంత గుట్టుగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పన్నెండు గంటలు దాటితే...

పేలుడు జరిగిన చోటే చేసే పరీక్షను అమెరికా సైన్యం 2006లో రూపొందించింది. పేరు ‘మేస్’. ఆటగాళ్లకు తలకు దెబ్బ తగిలినప్పుడు మైదానం పక్కనే చేసే పరీక్షలోంచి పుట్టింది ఇది. మెదడు చురుకుదనానికి మొత్తం 30 మార్కులు. ఈ రోజు తేదీ ఎంత, ఏ నెల అన్న ప్రశ్నలకు 5. ఐదు మాటలు చెప్పి మూడుసార్లు వెంటవెంటనే అప్పగించమన్నందుకు 15. అంకెలు, నెలలు తిరగేసి చెప్పినందుకు 5. కాసేపాగి ఆ మాటలే మళ్లీ చెప్పినందుకు 5.

ఇంతకీ మీ ఐదు మాటలేవీ? వెనక్కి చూడకుండా చెప్పండి.

ఐదూ వచ్చాయా? శభాష్. మూడే వచ్చాయా? కంగారు పడకండి. మధ్యలో ఫోన్ మోగి ఉండొచ్చు. రాత్రి నిద్ర చాలక ఉండొచ్చు. పక్కన టీవీ పాడుతుండొచ్చు. రెండు మాటలు మరచిపోయినంత మాత్రాన మీ మెదడుకు దెబ్బ తగిలినట్టు కాదు కదా! సరిగ్గా ఈ చిక్కే సైనిక వైద్యులకూ ఎదురైంది.

ఇరాక్‌లో సైనికుల మీద చేసి 2010లో ప్రచురించిన ఓ పరిశోధన ఈ పరీక్షకున్న గడువును బయటపెట్టింది. దెబ్బ తగిలిన 12 గంటలు దాటాక చేస్తే మార్కుల్ని బట్టి గాయపడ్డవారినీ, పడనివారినీ వేరుచేయడం కుదరలేదు. అంటే ఈ రోజు పేలుడు జరిగి, ఎల్లుండి శిబిరానికి చేరిన కుర్రాడికి 30కి 28 వస్తే అతనికి దెబ్బ తగల్లేదని చెప్పలేం. దెబ్బ తగిలి, మార్కుల వరకు కోలుకుని ఉండొచ్చు.

భోజనానికి ముందు తీసిందో, తర్వాత తీసిందో తెలియకుండా షుగర్ రిపోర్టు చూస్తే ఏం తెలుస్తుంది? ఇదీ అంతే. మార్కు పక్కన ‘దెబ్బ తగిలిన ఎన్ని గంటలకు?’ అన్నది రాసి లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

అందుకే 2010 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ ఓ నిబంధన తెచ్చింది. పేలుడుకు 50 మీటర్ల లోపు ఉన్నవాళ్లు, పేలుడుకు గురైన వాహనంలో ఉన్నవాళ్లు, తలకు నేరుగా దెబ్బ తగిలినవాళ్లు ‘నాకేం కాలేదు’ అన్నా సరే, వైద్య పరీక్షకు రావాల్సిందే. 24 గంటలు విశ్రాంతి తీసుకోవాల్సిందే. సైనికుడు అడిగితేనే చూడటం కాదు, సంఘటన జరిగితే చూడటం అన్నమాట.

దెబ్బకు ముందే ఓ పరీక్ష

క్లాసులో ఎప్పుడూ 95 తెచ్చుకునే అమ్మాయికి లెక్కల్లో 70 వస్తే ఇంట్లో అందరూ కంగారు పడతారు. ఎప్పుడూ 40 దాటని అబ్బాయికి అదే 70 వస్తే స్వీట్లు పంచుతారు. మార్కు ఒకటే. అర్థం వేరు. తేడా ఎక్కడుందంటే, మునుపటి మార్కులో ఉంది.

మెదడు పరీక్షకూ ఇదే సూత్రం వర్తిస్తుందని భావించి, యుద్ధానికి పంపేముందు సైనికుల మెదడు చురుకుదనాన్ని కొలిచి పెట్టుకునే ఏర్పాటు ఉండాలని అమెరికా 2008లో చట్టం చేసింది. రక్షణ శాఖ ‘అనామ్’ అనే కంప్యూటర్ పరీక్షను ఎంచుకుంది. రసాయన ఆయుధాల నుంచి కాపాడే మందులు వేసుకుంటే సైనికుల చురుకుదనం తగ్గుతుందా అన్నది తెలుసుకోవడానికి 1980ల్లో తయారుచేసిన పరీక్షల నుంచి వచ్చింది ఇది.

సుమారు 20 నిమిషాల వ్యవహారం. తెర మీద గుర్తు కనిపించగానే మౌస్ నొక్కాలి. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. ఏ గుర్తుకు ఏ అంకె జత అన్నది నేర్చుకుని, కాసేపయ్యాక గుర్తుచేసుకోవాలి. గళ్ల బొమ్మను ఒకసారి చూసి, రెండింట్లో ఏది అదో చెప్పాలి. జవాబు సరైనదా కాదా అన్నదే కాదు, సెకనులో వెయ్యో వంతు లెక్కన ఎంత వేగంగా చెప్పారన్నదీ నమోదవుతుంది.

ఆలోచన బాగానే ఉంది. ముందు మార్కు, తర్వాత మార్కు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. కానీ ఆచరణలో అంత తేలిగ్గా కుదరలేదు. అప్పటి సైన్య వైద్యాధికారి, లెఫ్టినెంట్ జనరల్ ఎరిక్ షూమేకర్ ఈ పరీక్షతో గాయాన్ని పట్టుకోవడం నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసుకోవడం లాంటిదేనన్న అర్థంలో మాట్లాడటం అప్పట్లో దుమారం రేపింది. దెబ్బ తగిలి 10 రోజులు దాటాక చేస్తే గాయాన్ని నిర్ధారించడానికి అనామ్ పనికిరాదని 2012లో మరో పరిశోధన తేల్చింది.

మరి పరీక్ష పనికిమాలినదా? కాదంటారు దాన్ని సమర్థించే నిపుణులు. థర్మామీటరు జ్వరం ఉందో లేదో చెబుతుంది, ఏ జబ్బు వల్లో చెప్పదు. అలాగే అనామ్ వేగం తగ్గిందో లేదో చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పాల్సింది మనిషే.

రెండు తక్కువ... నాలుగు ఎక్కువ

ఆ మనిషి, అంటే న్యూరోసైకాలజిస్టు, మార్కుల కాగితం చేతిలోకి తీసుకున్నాక ముందుగా ఏం చూస్తారు?

మొదటిది, తేడా నిజమైనదేనా అని. బీపీ రెండుసార్లు చూపించుకుంటే రెండు అంకెలు వస్తాయి. అంతమాత్రాన అయిదు నిమిషాల్లో బీపీ జబ్బు వచ్చి పోయినట్టు కాదు. మెదడు పరీక్షకూ ఈ ఊగిసలాట ఉంటుంది. ఉదాహరణకు సగటు 100, మార్కుల చెదురు 15 ఉన్న పరీక్ష అనుకుందాం. అది చాలావరకు నమ్మదగ్గదే, రెండుసార్లు పెట్టినప్పుడు వచ్చే మార్కుల మధ్య పొంతన 0.8 అనుకుందాం. అలాంటి పరీక్షలో కూడా తేడా సుమారు 16 మార్కులు దాటితే తప్ప, ‘మార్పు వచ్చింది’ అని 90 శాతం ధీమాతో చెప్పలేం. 102 నుంచి 94కు దిగాడంటే మనకు కంగారు. గణాంకశాస్త్రానికి అది మామూలే.

దీనికి తోడు అలవాటు ఒకటి. ఒకే పరీక్ష రెండోసారి రాస్తే ఎవరికైనా కాస్త మెరుగ్గా వస్తుంది. కాబట్టి రెండోసారి సరిగ్గా మొదటి మార్కే వస్తే, పెరగాల్సింది పెరగలేదన్నది కూడా గమనించాలి.

రెండోది, పరీక్షలు ఎన్ని పెట్టారని. ఆరోగ్యవంతుల్లో అట్టడుగు 5 శాతం మందికి వచ్చే మార్కును ‘తక్కువ’ అనుకుందాం. ఒక్క పరీక్షే పెడితే ఆరోగ్యవంతుడు అందులో చిక్కుకునే అవకాశం 5 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు పెడితే? కనీసం ఒక్కదాంట్లో తక్కువ వచ్చే అవకాశం 64 శాతం! నిజానికి ఈ పరీక్షలకు ఒకదానితో ఒకటి కొంత సంబంధం ఉంటుంది కాబట్టి లెక్క కాస్త మారుతుంది గానీ, సారం మారదు. రోజంతా పరీక్షలు రాయిస్తే నిక్షేపంలాంటి మనిషికీ ఒకటీ అరా తక్కువ రావడమే సహజం. ఇరవైలో ఒక్కటి పట్టుకుని ‘ఇదిగో మెదడు దెబ్బతింది’ అనడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. తగ్గినవన్నీ ఒకే కోవకు చెందినవా, గాయం తీరుకు సరిపోతున్నాయా అన్నదే నిపుణులు వెతికేది.

నిద్రా... భయమా... దెబ్బా?

యుద్ధం నుంచి వచ్చిన కుర్రాడి తలలో ఒక్క పేలుడే ఉండదు. కళ్లముందే స్నేహితుణ్ని పోగొట్టుకుని ఉంటాడు. నెలల తరబడి రాత్రుళ్లు సరిగ్గా నిద్రపోయి ఉండడు. నడుం నొప్పికో, నిద్రకో మాత్రలు మింగుతుంటాడు. ఇవన్నీ మార్కును తగ్గించేవే.

చార్లెస్ హోగ్ అనే సైనిక మనోవైద్యుడి బృందం ఇరాక్ నుంచి తిరిగొచ్చిన 2,525 మంది అమెరికా సైనికులను ప్రశ్నించి 2008లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫలితాలు ప్రచురించింది. గాయమై స్పృహ తప్పినవారిలో 43.9 శాతం మందికి పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి. అంటే భయంకర అనుభవం తాలూకు జ్ఞాపకాలు వెంటాడి వేధించే మానసిక రుగ్మత. ఏ గాయమూ కానివారిలో ఇది 9.1 శాతమే. ఇంకో సంగతి. పీటీఎస్‌డీ, కుంగుబాటుల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి చూస్తే, ఒళ్లు నొప్పులు, అలసట లాంటి చాలా బాధలకు తల దెబ్బతో నేరుగా సంబంధం కనిపించలేదు. మిగిలింది తలనొప్పి ఒక్కటే.

యుద్ధానికి ముందూ, తర్వాతా పరీక్షలు చేసిన జెన్నిఫర్ వాస్టర్లింగ్ బృందం 2012లో ఇదే దారిలో మరో అడుగు వేసింది. ఇరాక్ వెళ్లొచ్చిన సైనికుల్లో పరీక్షల ఫలితాలు తగ్గడానికి ముడిపడి కనిపించినవి పీటీఎస్‌డీ, కుంగుబాటు. ఎప్పుడో తగిలిన స్వల్ప దెబ్బ కాదు.

ఇది చిన్న విషయం కాదు. పీటీఎస్‌డీకి చికిత్స ఉంది. నిద్రలేమికీ, కుంగుబాటుకీ చికిత్స ఉంది. మార్కు తగ్గింది కదాని అంతా మెదడు గాయం ఖాతాలో వేసేస్తే, నయమయ్యే జబ్బును వదిలేసి ‘నీ మెదడు ఇంతే’ అని ఇంటికి పంపినట్టవుతుంది.

కావాలనే తప్పు రాశాడా?

అన్నిటికన్నా ఇబ్బందికరమైన ప్రశ్న ఇది. అడగక తప్పదు. ఎందుకంటే పరీక్ష రాసేవాడు మనసుపెట్టి రాస్తేనే మార్కుకు అర్థం.

దీనికోసం విడిగా కొన్ని పరీక్షలున్నాయి. ఒకదాంట్లో 50 బొమ్మలు చూపిస్తారు. తర్వాత జతలు జతలుగా చూపించి, ఇందాక చూసింది ఏదో చెప్పమంటారు. కష్టంగా కనిపిస్తుంది గానీ చాలా తేలిక. మెదడుకు తీవ్రంగా దెబ్బ తగిలినవారు కూడా చాలామంది బాగానే చేస్తారు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా సగటున 25 రావాలి. అంతకన్నా బాగా తక్కువ వచ్చిందంటే, సరైన జవాబు తెలిసే తప్పు చెబుతున్నాడని అనుమానించాల్సి వస్తుంది.

స్వల్ప దెబ్బ అనుమానంతో వచ్చిన 45 మంది మాజీ సైనికుల మీద జరిగిన ఓ చిన్న పరిశీలన 2010లో వెలువడింది. వారిలో 58 శాతం మంది ఇలాంటి పరీక్షలో గీత దాటలేకపోయారు. అంటే సగానికి పైగా అబద్ధాలకోర్లా? అలా అనుకోవడమే పెద్ద పొరపాటు. గీత దాటకపోవడమంటే ‘ఈ రోజు వచ్చిన మార్కుల్ని నమ్మలేం’ అని మాత్రమే. రాత్రంతా నిద్ర లేకపోవచ్చు. నొప్పితో విసిగిపోయి ఉండొచ్చు. తన బాధ ఎవరూ నమ్మడం లేదన్న కోపంతో, గట్టిగా చూపించాలన్న ఆరాటంతో చేసి ఉండొచ్చు. పరిహారం మీద ఆశ కూడా ఉండొచ్చు. ఏ కారణమో పరీక్ష చెప్పదు. మనిషితో కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన మోసమూ ఉంది. తోటివాళ్లను వదిలి వెనక్కి వెళ్లడం ఇష్టంలేని సైనికుడు బాధను దాచేస్తాడు. ప్రశ్నలు ముందే తెలుసుకుని జవాబులు బట్టీ పడతాడు. ‘మేస్’లో మాటల జాబితాలు ఒకటి కాకుండా వేరువేరుగా ఉండటానికి ఇదీ ఓ కారణమే. పై అధికారి దృష్టిలో అతను ధీరుడు. కానీ మొదటి దెబ్బ మానకముందే రెండో పేలుడు జరిగితే ప్రమాదం అతనికీ, అతని మీద ఆధారపడ్డ జట్టుకీ కూడా.

మాట కూడా దెబ్బే

2002లో జూలీ సుర్, జాన్ గన్‌స్టాడ్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఓ ప్రయోగం చేశారు. అందరికీ గతంలో తలకు స్వల్పంగా దెబ్బ తగిలింది. సగం మందికి మామూలుగా పరీక్ష పెట్టారు. మిగతావారికి మాత్రం ‘మీకు తలకు దెబ్బ తగిలింది కాబట్టే ఈ పరీక్ష, అలాంటివారికి జ్ఞాపకశక్తి తగ్గుతుంటుంది’ అన్నట్టు ముందే చెప్పారు. ఆ మాట విన్నవారికి మార్కులు తగ్గాయి!

మనుషులకు ఇంకో అలవాటు కూడా ఉంది. దెబ్బ తగిలాక, అంతకుముందు తామెంతో చురుగ్గా ఉండేవాళ్లమని అనుకుంటారు. తాళాలు ఎక్కడ పెట్టామో మరచిపోవడం, పేర్లు గుర్తుకు రాకపోవడం అందరికీ ఉన్నవే. కానీ దెబ్బ తగిలాక ప్రతి మరుపూ దాని ఖాతాలోకే వెళుతుంది. అందుకే స్వల్ప దెబ్బ తగిలిన సైనికుడికి మొదటి రోజే చెప్పాల్సిన మాట ‘నీ మెదడు పాడైంది’ అని కాదు. ‘చాలామంది కొద్ది రోజుల్లో, వారాల్లో కోలుకుంటారు, నువ్వూ కోలుకుంటావు, ఈలోగా ఈ జాగ్రత్తలు తీసుకో’ అని. పౌరుల మీదా, ఆటగాళ్ల మీదా జరిగిన అనేక పరిశోధనల్ని కలిపి చూసినా, ఒకసారి తగిలిన స్వల్ప దెబ్బ వల్ల తగ్గిన మార్కులు సగటున మూడు నెలల్లో మామూలుకు వస్తున్నాయి.

మంచి మార్కులొచ్చినా...

అయితే అంతా మనసులోనే ఉందని కొట్టిపారేయొచ్చా? అక్కడే ఆగాలి.

పేలుడులో స్వల్ప గాయాలై జర్మనీలోని లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రికి చేరిన 63 మంది అమెరికా సైనికులకు ఓ ప్రత్యేకమైన ఎంఆర్ఐ తీసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. అందరికీ మామూలు సీటీ స్కాన్‌లో ఏమీ తేలలేదు. ఈ ఎంఆర్ఐలో మాత్రం చాలామందికి మెదడులోని సన్నటి పోగులు దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. పేలుడులో స్వల్ప గాయాలైన 50 మందిని ఐదేళ్లపాటు గమనించిన మరో అధ్యయనం 2017లో వచ్చింది. ఒక ఏడాది నాటికి ఉన్న స్థితితో పోలిస్తే ఐదేళ్ల నాటికి 36 మంది పరిస్థితి దిగజారింది. సంసారంలో, ఉద్యోగంలో, స్నేహాల్లో నెగ్గుకురావడం కష్టమైంది.

చిత్రమేమిటంటే, ఇలా బతుకు భారమైనవారిలో పరీక్ష మార్కులు బాగానే ఉన్నవారూ ఉంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కో ప్రశ్నే ఇస్తూ, పక్కన ఒకరు ‘కానివ్వండి’ అంటూ ఉంటే ఎవరైనా గంటసేపు కూడదీసుకుని రాస్తారు. ఇంట్లో కుక్కర్ కూత, పిల్లల గొడవ, ఫోన్ మోత మధ్య బ్యాంకు ఫారం నింపమంటే తెలుస్తుంది అసలు సంగతి. ‘అన్నీ నార్మల్’ అన్న రిపోర్టు పట్టుకుని వచ్చిన భర్త రోజంతా విసుక్కుంటుంటే ఆ రిపోర్టు తప్పు కాదు, ఇల్లాలు చెప్పేదీ తప్పు కాదు. రెండూ కలిపి చూడాలంతే. అందుకే మంచి నిపుణులు సైనికుడితో పాటు ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడతారు.

మన నెలలు... మన సగటు

డిసెంబరు, నవంబరు, అక్టోబరు... అంటూ వెనక్కి చెప్పడం ఇంగ్లిషు చదువు చదివినవారికి తేలిక. చైత్రం, వైశాఖం అని లెక్కపెట్టుకునే పెద్దాయన తడబడితే అది మెదడు దెబ్బా, అలవాటు లేకపోవడమా? ఏ మార్కునైనా ఎవరి సగటుతో పోలుస్తున్నామన్నది ముఖ్యం. అమెరికా కుర్రాళ్ల సగటు మన జవాన్లకు సరిపోదు. పదో తరగతి చదివినవారి సగటు ఇంజినీరుకు సరిపోదు.

అందుకే బెంగళూరులోని నిమ్హాన్స్ వయసు, చదువు, ఆడా మగా తేడాలను బట్టి మన దేశపు సగటులతో 2004లో ఓ పరీక్షల సంపుటి తెచ్చింది. భారతీయ వైద్య పరిశోధన మండలి తెలుగు సహా ఐదు భాషల్లో తయారుచేయించిన పరీక్షల వివరాలు 2020లో వెలువడ్డాయి. అది ముఖ్యంగా మతిమరుపు జబ్బుల కోసం ఉద్దేశించింది. అయినా సూత్రం ఒకటే. మనిషిని అతని భాషలో అడగాలి, అతని లాంటివారితోనే పోల్చాలి.

అమెరికా కూడా ఇప్పుడు దారి మార్చుకుంటోంది. ఒక పెద్ద పేలుడే కాదు, శిక్షణలో ఫిరంగులు, భుజం మీంచి పేల్చే ఆయుధాల వల్ల తగిలే చిన్న చిన్న కుదుపులు కూడా పోగుపడి హాని చేస్తాయేమోనన్న ఆందోళన పెరిగింది. దాంతో కొత్తగా చేరే సైనికులకు మొదట్లోనే మెదడు చురుకుదనం పరీక్ష చేసి పెట్టుకోవాలని 2024 ఆగస్టులో రక్షణ శాఖ ఆదేశించింది. యుద్ధానికి వెళ్లేముందు ఒకసారి కాదు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ మనిషి మార్కుల చరిత్ర చేతిలో ఉండాలన్నది ఉద్దేశం.

అది మంచిదే. కానీ చరిత్ర ఎంత పెద్దదైనా చదివేవారు కావాలి. తక్కువ మార్కును చూసి తొందరపడితే ఆరోగ్యవంతుడైన కుర్రాడు జీవితాంతం రోగినన్న బెంగతో బతుకుతాడు. మంచి మార్కును చూసి తొందరపడితే గాయపడ్డవాడు మళ్లీ పేలుడులోకే వెళతాడు. దెబ్బ ఎప్పుడు తగిలింది, అంతకుముందు ఎలా ఉండేవాడు, రాత్రి నిద్ర పట్టిందా, మనసులో ఏముంది, ఇంట్లో ఎలా ఉంటున్నాడు... ఈ ఐదు ప్రశ్నలూ అడిగాకే మార్కు చూడాలి. ఆ ఐదు మాటలకన్నా ఇవే ఎక్కువ గుర్తుండాలి.

తలకు దెబ్బ తగిలితే...

సైనికులకే కాదు, బండి మీంచి పడ్డా, మెట్ల మీద జారినా తలకు తగిలే దెబ్బ ఒకటే. ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి.

* తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదేపదే వాంతులు, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పట్టుతప్పడం, మాట తడబడటం, కంటిపాపల్లో ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపించడం, లేపినా లేవకపోవడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* పెద్దవయసువారికీ, రక్తం పలచబడే మందులు వాడేవారికీ దెబ్బ చిన్నదే అనిపించినా డాక్టరుకు చూపించాలి.

* దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, స్పృహ తప్పిందా, ఎంతసేపు, ఏం గుర్తులేదు... అన్నీ కాగితం మీద రాసిపెట్టండి. నెలల తర్వాత పరీక్ష చేసే నిపుణులకు ఆ కాగితమే ఆధారం.

* మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి కావాలి. ఆ తర్వాత డాక్టరు సలహాతో మెల్లగా పనుల్లో పడాలి. వారాల తరబడి చీకటిగదిలో పడుకోబెట్టడం మేలు చేయదు.

* పూర్తిగా తగ్గేదాకా మళ్లీ తలకు దెబ్బ తగిలే ఆటలకూ, బండి నడపడానికీ దూరంగా ఉండాలి. మద్యం ముట్టకూడదు.